బాగుంది సరే, ఉన్నట్టే ఉందా?



ఫ్లెక్సీ కొట్టించడానికి వెళ్లినవాళ్లలో చాలామంది ఈ మాట వినే ఉంటారు. "సార్, ఇది పెద్దది చేస్తే పగిలిపోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పెట్టించండి." ఫోన్‌లో చక్కగా కనిపించిన ఫొటోయే అది. కంప్యూటర్ తెర మీద సాగదీసేసరికి ముఖం మీద గళ్లు గళ్లుగా చదరాలు తేలతాయి. తెచ్చినవాళ్లకు నమ్మబుద్ధి కాదు. "ఇందాక చూసినప్పుడు క్లారిటీ బాగానే ఉందే!" అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఒకే ఫొటో ఒకచోట బాగుందనిపించుకుంది, ఇంకోచోట పనికిరాదనిపించుకుంది. ఈ తీర్పు మనం దేన్ని చూసి ఇస్తున్నామన్నది ఇవాళ మీతో మాట్లాడాలనుకున్న విషయం. రేడియోలో బొమ్మ చూపించే వీల్లేదు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను, ఓపిగ్గా వినండి.

ముందు దూరం సంగతి. చూపు బాగున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం దాకా రెండు చుక్కల్ని విడివిడిగా గుర్తుపట్టగలదు. అంతకంటే దగ్గరగా ఉంటే అవి కలిసిపోయి కనిపిస్తాయి. అడుగు దూరంలో పట్టుకుని చూసే కాగితానికి ఈ లెక్క కడితే అంగుళానికి సుమారు 300 చుక్కలు తేలతాయి. పుస్తకాలూ పెళ్లి ఆల్బమ్‌లూ అచ్చువేసేవాళ్లు 300 డీపీఐ కావాలని పట్టుబట్టేది ఇందుకే. అదే కన్ను 10 మీటర్ల అవతల నుంచి చూస్తే దాదాపు 3 మిల్లీమీటర్ల ఎడం ఉన్న చుక్కలు కూడా కలిసిపోతాయి. అంటే అంగుళానికి తొమ్మిదీ పదీ ఉన్నా సరిపోతుంది. రోడ్డు పక్క పెద్ద హోర్డింగుకి ఆ వెసులుబాటు ఉంది. ఫంక్షన్ హాలు గుమ్మం దగ్గర పెట్టే ఫ్లెక్సీకి లేదు, జనం దాని పక్కనే నిలబడి సెల్ఫీలు దిగుతారు.

ఫోన్ డబ్బా మీద రాసే మెగాపిక్సెళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 12 మెగాపిక్సెళ్ల ఫొటో అంటే అడ్డంగా 4000, నిలువునా 3000 చుక్కలు. అంగుళానికి 300 చొప్పున అచ్చువేసినా 13 అంగుళాల వెడల్పు వస్తుంది. ఇంట్లో గోడకి తగిలించుకునే ఫొటోకి అది చాలు. ఆ పైన అంకె ఎంత పెరిగినా లెన్సూ, సెన్సరు సైజూ, ఫొటో తీసినప్పటి వెలుతురూ సరిగా లేకపోతే ఆ చుక్కల నిండా ఉండేది మసకే.

సరే, దూరం కుదిరింది, చుక్కలూ కావలసినన్ని ఉన్నాయి. అప్పుడు బొమ్మ బాగుందో లేదో ఎవరు చెప్పాలి? ఈ ప్రశ్నని గట్టిగా పట్టుకున్నది టెలివిజన్ ఇంజనీర్లు. ప్రసారంలో బొమ్మ ఎంత చెడుతోందో వాళ్లకు తెలియాలి. దానికి ఒక పద్ధతి ఏర్పాటు చేసుకున్నారు. ఆ నియమాలు 1974లో మొదటిసారి అంతర్జాతీయ సిఫార్సుగా వెలువడ్డాయి. బీటీ.500 అని దానికి పేరు. ఎన్నో సవరణలతో ఇప్పటికీ అదే వాడుకలో ఉంది.

ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. ఒక గదిలో వెలుతురు ఎంత ఉండాలో, తెరకీ మనిషికీ మధ్య దూరం ఎంత ఉండాలో ముందే తేల్చుకుంటారు. చూసేవాళ్లు కనీసం 15 మంది ఉండాలి. సాధారణంగా చిత్రాల పనితో సంబంధం లేని మామూలు మనుషుల్ని పిలుస్తారు. కళ్ల డాక్టరు దగ్గర ఉండే అక్షరాల చార్టు చదివించి చూపు పరీక్షిస్తారు. రంగుల చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే ఇషిహారా పుస్తకం చూపించి రంగులు సరిగా పోల్చుకుంటున్నారో లేదో చూస్తారు. ఒక విడత అరగంట దాటకూడదు. కన్ను అలిసిపోతే తీర్పు మారిపోతుంది. బొమ్మల్ని కలగాపులగంగా చూపిస్తారు, ఎందుకంటే బాగా చెడిపోయిన బొమ్మ వెనక ఓ మాదిరి బొమ్మ వస్తే అది ఉన్నదానికంటే బాగున్నట్టు అనిపిస్తుంది. మొదటి నాలుగైదు బొమ్మలకిచ్చిన మార్కుల్ని లెక్కలోకి తీసుకోరు. ఆ కాసేపట్లో మనిషి కొలమానానికి అలవాటుపడతాడు.

అడిగే ప్రశ్న రెండు రకాలుగా ఉంటుంది. నా ప్రసంగమంతా ఈ తేడా మీదే నడుస్తుంది కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి. మొదటి రకంలో ఒక్క బొమ్మే చూపించి ఎలా ఉందని అడుగుతారు. అద్భుతం, బాగుంది, పరవాలేదు, బాగాలేదు, అధ్వానం అనే ఐదింట్లో ఒకటి ఎంచుకోవాలి. రెండో రకంలో ముందు అసలు బొమ్మ చూపిస్తారు, వెంటనే ప్రసారంలో దెబ్బతిన్న బొమ్మ చూపిస్తారు. తేడా కనిపించలేదా, కనిపించినా ఇబ్బంది లేదా, కాస్త ఇబ్బందిగా ఉందా, ఇబ్బందిగానే ఉందా, చాలా ఇబ్బందిగా ఉందా అని అడుగుతారు. మొదటి ప్రశ్నకి మనిషి తన ఇష్టాన్ని బట్టి జవాబిస్తాడు. రెండో ప్రశ్నకి జవాబివ్వాలంటే కళ్లముందు అసలు ఉండాలి.

మనుషుల్ని కూర్చోబెట్టి అడగడం ఖర్చుతోనూ ఓపికతోనూ కూడిన పని. ఆ పని లెక్కలతో చేయించలేమా అని వెంటనే ఆలోచన వచ్చింది. అందరికీ తట్టిన సులువైన మార్గం ఒకటుంది. అసలు బొమ్మలోని ప్రతి చుక్క విలువ నుంచి, చెడిన బొమ్మలో అదే చోటున్న చుక్క విలువని తీసేసి, ఆ తేడాల వర్గాలకి సగటు కట్టడం. ఏళ్ల తరబడి ఇంజనీర్లు ఇదే కొలతని నమ్ముకున్నారు. కానీ కన్ను ఇలా కూడికలూ తీసివేతలూ చేయదు. జౌ వాంగ్, అలన్ బోవిక్ అనే ఇద్దరు పరిశోధకులు 2009లో రాసిన వ్యాసంలో దీన్ని ఒక్క ఐన్‌స్టైన్ ఫొటోతో తేటతెల్లం చేశారు. ఒక కాపీలో వెలుగునీడల ఎడం కొంచెం మార్చారు, ఇంకోదాన్ని మసక చేశారు, మరోదాన్ని గళ్లు పడేదాకా కుదించారు. లెక్క ప్రకారం అన్నిట్లోనూ తప్పు దాదాపు సమానం. చూస్తే ఒకటి అసలుకి తీసిపోనట్టుంటుంది, ఇంకోటి చూడబుద్ధి కాదు.

ఆ ఇద్దరూ, హమీద్ షేక్, ఈరో సిమన్‌చెల్లీ అనే మరో ఇద్దరితో కలిసి, 2004లోనే వేరే కొలత ప్రతిపాదించారు. ఎస్‌ఎస్‌ఐఎమ్ అంటారు దాన్ని. బొమ్మలోని చిన్నచిన్న భాగాల్ని తీసుకుని, వెలుగు ఎలా ఉంది, కాంట్రాస్ట్ ఎలా ఉంది, గీతలూ అంచులూ వాటి చోట్లలో అవి ఉన్నాయా అని పోల్చి చూస్తుంది. మనిషి కన్ను ఆకారాల కోసం వెతుకుతుందన్న నమ్మకం మీద కట్టిన లెక్క అది. టెలివిజన్ పరిశ్రమ దాన్ని ఎంతగా వాడుకుందంటే, 2015లో ఆ నలుగురికీ ఇంజనీరింగ్ ఎమ్మీ అవార్డు ఇచ్చింది. బోవిక్ దగ్గర చదువుకున్న సుమోహన చన్నప్పయ్య మన ఐఐటీ హైదరాబాద్‌లో, సంగారెడ్డి జిల్లా కంది ప్రాంగణంలో, ఇదే రంగంలో పరిశోధన చేస్తున్నారు.

కన్ను దేన్ని పట్టించుకోదో తెలిస్తే ఫొటోని కుదించడం తేలికవుతుంది. మన ఫోన్‌లోని జేపెగ్ ఫొటోలన్నీ ఆ జ్ఞానం మీదే నడుస్తున్నాయి. దాని గుండెకాయ లాంటి గణితాన్ని కనిపెట్టింది బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్. 1972లో పరిశోధనకి డబ్బు కావాలని అమెరికా ప్రభుత్వ సంస్థకి దరఖాస్తు పెడితే, ఆలోచన మరీ తేలిగ్గా ఉందన్న అభిప్రాయం వచ్చింది, డబ్బు రాలేదు. ఆయన ఆ తర్వాతి వేసవిలో ఆ డబ్బు లేకుండానే పని కొనసాగించారు. టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి 1974 జనవరిలో ఆ గణితాన్ని వివరించే వ్యాసం ప్రచురించారు. 1992లో వచ్చిన జేపెగ్ ప్రమాణం దాన్నే ఆధారం చేసుకుంది. ముగ్గురు భారతీయ మూలాలవాళ్లు రాసిన ఆ కొద్ది పేజీల వ్యాసం ఇవాళ ప్రతి ఇంట్లోని ఫోన్‌లోనూ పని చేస్తోంది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఉండాలని నా గట్టి కోరిక.

జేపెగ్ ఫొటోని ఎనిమిది చుక్కల పొడవూ ఎనిమిది చుక్కల వెడల్పూ ఉన్న గళ్లుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో మెల్లగా మారే ఛాయలేవి, గబగబా మారే సన్నని వివరాలేవి అని వేరు చేస్తుంది. సన్నని వివరాల్లో కన్ను గమనించనివాటిని పారేస్తుంది. వెలుగుని జాగ్రత్తగా దాస్తుంది. రంగు విషయంలో కన్ను అంత నిశితంగా ఉండదు కాబట్టి, రంగుల సమాచారాన్ని చాలాసార్లు నాలుగో వంతుకి తగ్గించేస్తుంది. ఇంత తీసేసినా మనకి లోటు తెలియదు. మరీ ఎక్కువ తీసేసినప్పుడు మాత్రం ఆ గళ్ల అంచులు బయటపడతాయి. ఫ్లెక్సీ షాపతను పగిలిపోయిందన్నది వాటిని చూసే.

అన్నిచోట్లా ఒకేలా బయటపడవు కూడా. తెల్ల పంచె మీద పడ్డ మరక గదిలో అందరికీ కనబడుతుంది, కలంకారీ చీర మీద పడ్డది కట్టుకున్నావిడకి కూడా ఓ పట్టాన కనబడదు. ఫొటోలోనూ అంతే. గోపురం మీది శిల్పాలూ, చెట్ల ఆకులూ, జాతరలో జనం ఉన్నచోట లోపం దాక్కుంటుంది. నిర్మలమైన ఆకాశంలో, పసిపాప బుగ్గ మీద, సున్నం వేసిన గోడ మీద దొరికిపోతుంది. సాయంకాలపు ఆకాశం మెట్లుమెట్లుగా కనిపించే ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఒకసారి కుదించిన ఫొటోని ఎడిట్ చేసి, మళ్లీ సేవ్ చేసి, మళ్లీ ఇంకొకళ్లకి పంపిస్తూ పోతే ప్రతి విడతలోనూ ఇంకాస్త పోతుంది.

అయితే చూసేవాళ్ల పనిని బట్టి కూడా తీర్పు మారుతుంది. అమెరికాలో ఎఫ్‌బీఐ వేలిముద్రల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని పెట్టుకున్నప్పుడు జేపెగ్ చేసే కుదింపు వాళ్లకి పనికిరాలేదు. మామూలు కంటికి ముద్ర చక్కగానే ఉంటుంది. కానీ ఆ గళ్ల అంచులు గీతల్ని అడ్డంగా కోసేస్తాయి, నిపుణులకు కావలసిన సన్నని ఆనవాళ్లు చెరిగిపోతాయి. అందుకని 1993లో వేలిముద్రల కోసమే వేరే కుదింపు పద్ధతి ప్రమాణంగా పెట్టుకున్నారు. అందంగా ఉందా అన్నది అక్కడ ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇందాక రెండు ప్రశ్నలు చెప్పాను కదా. మన నిత్యజీవితంలో రెండో ప్రశ్నకి తావే లేదు. ఫొటో వస్తుంది, దాని పక్కన అసలు ఉండదు. అందుకని మన తీర్పంతా ఇష్టం మీదే నడుస్తుంది. ఆ ఇష్టం నిజానికి కట్టుబడి ఉండదు. 1960లో సి. జె. బార్ట్‌ల్‌సన్ అనే పరిశోధకుడు, జనం గడ్డినీ ఆకాశాన్నీ చర్మాన్నీ ఏ రంగుల్లో గుర్తుంచుకుంటారో పరీక్షించి చూశాడు. గుర్తున్న రంగులు అసలు రంగులతో సరిపోలేదు. చాలావాటి విషయంలో అవి అసలుకంటే చిక్కగా ఉన్నాయి. అందుకే పచ్చదనం కొంచెం పెంచిన పొలం, నీలం కొంచెం పోసిన ఆకాశం మనకి "క్లారిటీ ఉన్న" ఫొటోలనిపిస్తాయి. ఫోన్లు తయారుచేసేవాళ్లకి ఇది తెలుసు. మనం క్లిక్ చేసిన క్షణంలోనే ఫోన్ రంగులు పెంచి, అంచులు పదును చేసి, ముఖాలు నునుపు చేసి ఇస్తుంది.

ఆకాశానికి నీలం పోస్తే ఎవరికీ నష్టం లేదు. మనిషి ఒంటి రంగు దగ్గరికొచ్చేసరికి నాకు బాధ కలుగుతుంది. దీనికో పాత చరిత్ర ఉంది. కలర్ ఫిల్ముల కాలంలో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ సంస్థ ఒక నమూనా ఫొటో పంపేది. దానిలో ఉండేది తెల్లజాతి యువతి. మొదటి నమూనాలో ఉన్నామె పేరు మీద వాటిని షిర్లీ కార్డులన్నారు. ఆమె చర్మం సరిగా వస్తే ఫొటో సరిగా వచ్చినట్టు. నల్లనివాళ్ల ముఖాల్లో వివరాలు పోయినా పట్టించుకునే కొలత లేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ 2009లో రాసిన వ్యాసంలో ఈ కథంతా ఉంది. గోధుమ రంగు ఛాయలు సరిగా రావడం లేదని కొడాక్‌కి గట్టిగా చెప్పినవాళ్లలో చాక్లెట్లు తయారుచేసేవాళ్లూ, చెక్క సామాన్లు అమ్మేవాళ్లూ ఉన్నారట.

ఫిల్ము పోయింది, ఆ కార్డులు పోయాయి. మన పెళ్లి ఆల్బమ్‌లలో పెళ్లికూతురి ముఖం మాత్రం ఇప్పటికీ ఆమెది కాని రంగులో ఉంటోంది. స్టూడియోవాళ్లనే తప్పుపట్టి లాభం లేదు. "ఫొటో బాగా రావాలి" అంటే తెల్లగా చెయ్యమని వాళ్లకి అర్థమయ్యేలా చేసింది మనమే. ఆ ముఖం బాగుందని తీర్పిచ్చేవాళ్లం మనమే. చామనఛాయ ముఖం మీద వెలుగు పడితే ఎంత నిండుగా ఉంటుందో మన కళ్లకి తెలుసు. ఆ మాట స్టూడియోలో గట్టిగా చెప్పాలి.

బాగున్నట్టు కనిపించి అబద్ధం చెప్పే బొమ్మ ఎంత ప్రమాదమో తెలిపే సంఘటన 2013లో జరిగింది. డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ యంత్రంలో స్కాన్ చేసిన ఒక భవనం ప్లాను పరిశీలించాడు. అసలు కాగితం మీద మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. కాపీలో మూడు గదులూ 14.13 అయిపోయాయి. కాగితం మీద మరకా లేదు, మసకా లేదు, అంకెలు శుభ్రంగా ఉన్నాయి. జాగా కలిసొస్తుందని ఆ యంత్రం ఒకేలా కనిపించే ముద్రల్ని ఒకసారే దాచుకుని, పోలిక ఉన్నచోటల్లా దాన్నే అతికిస్తోంది. పోలిక తప్పినచోట అంకె మారిపోతోంది. పాత పద్ధతిలో కుదింపు ఎక్కువైతే అంకె మసకబారేది, మనకి అనుమానం వచ్చేది. ఇక్కడ అనుమానానికే చోటు లేకుండా పోయింది. ఆ కంపెనీ తర్వాత సాఫ్ట్‌వేర్ సరిచేసింది.

ఇప్పుడు కృత్రిమ మేధతో పాత ఫొటోలు బాగుచేసే యాప్‌లు వచ్చాయి. అవి చేసేదీ దాదాపు ఇలాంటిదే. మసకగా ఉన్న ముఖంలో ఏముందో వాటికి తెలియదు, ఏముంటే సహజంగా ఉంటుందో ఊహించి నింపుతాయి. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకుల పల్స్ అనే ప్రోగ్రాముకి చుక్కలు చుక్కలుగా ఉన్న బరాక్ ఒబామా ఫొటో ఇస్తే, అది స్పష్టమైన తెల్లజాతి మనిషి ముఖం ఇచ్చింది. టెక్నియాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు యొచాయ్ బ్లౌ, టోమర్ మికేలీ 2018లో గణితంతోనే నిరూపించిన సంగతి ఒకటుంది. పాడైన బొమ్మని బాగుచేసేటప్పుడు ఒక హద్దు దాటాక, సహజంగా కనిపించేలా చెయ్యాలంటే అసలుకి దగ్గరగా ఉండటాన్ని కొంత వదులుకోవాల్సిందే. రెండూ ఒకేసారి దొరకవు.

మా అమ్మమ్మ ఫొటో ఒకటి అలా బాగు చేయించాం. కళ్లు మెరుస్తున్నాయి, చీర అంచు దారం దారం కనిపిస్తోంది. చూసినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు. పాత అట్టఫొటో పక్కన పెట్టి చూస్తే ఆవిడ గడ్డం మీది పచ్చబొట్టు లేదు. యాప్ దాన్ని మరకనుకుని తుడిచేసింది. ఆ పచ్చబొట్టు లేని ముఖం మా అమ్మమ్మది కాదు. అసలు ఫొటో ఇంట్లో ఉంది కాబట్టి మాకా సంగతి తెలిసింది. అది పోయి ఉంటే, మా పిల్లలు తుడిచేసిన ముఖాన్నే ముత్తవ్వ ముఖమనుకునేవాళ్లు.

అందుకని మీకో విన్నపం. ఇంట్లో పాత ఫొటోలు బాగు చేయించండి, తప్పులేదు. ముందు అసలు ఫొటోని ఏ మార్పూ చెయ్యకుండా స్కాన్ చేయించి, ఆ ఫైలు వేరుగా దాచండి. బాగుచేసిన ఫొటో పేరులో బాగుచేసినదని రాయండి. భూమి కాగితాలూ, మార్కుల మెమోలూ, బ్యాంకు పత్రాలూ పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, అందుకున్నాక అంకెల్ని అసలుతో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి. ఎక్స్‌రేనీ స్కానింగునీ ట్యూబులైటుకి అడ్డం పట్టి ఫొటో తీసి డాక్టరుకి పంపకండి, ఆసుపత్రిలో ఇచ్చే అసలు ఫైళ్లు అడిగి తీసుకోండి. పెళ్లి ఆల్బమ్ చేయించేటప్పుడు స్టూడియోవాళ్లతో ముందే చెప్పండి, అమ్మాయి రంగు మార్చొద్దనీ, ఎడిట్ చెయ్యని ఫొటోలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలనీ. వాళ్లు తప్పకుండా ఇస్తారు, అడిగేవాళ్లే తక్కువ.